ఏటిగట్టు మీద పండగ పరుగు

సంక్రాంతికి నరసాపురం వెళ్లాలంటే పరుగు హైదరాబాద్‌లోనే మొదలవుతుంది. ముందు రైల్వే యాప్‌లో. రిజర్వేషన్ గడువును 2024 నవంబరు నుంచి 120 రోజులకు బదులు 60 రోజులు చేశారు కదా, ఇక టికెట్లు సులువుగా దొరుకుతాయనుకున్నాం. ఏమీ లేదు. ఉదయం 8 గంటలకు బుకింగ్ తెరుచుకుంటే, చేతిలో టీ చల్లారేలోపు వెయిటింగ్ లిస్టు. ఆ తర్వాత బస్సు రేట్లు చూసి గుండె పట్టుకోవడం, లీవు కోసం మేనేజర్ చుట్టూ తిరగడం, అమ్మ ఫోన్‌లో చెప్పిన జాబితా పట్టుకుని షాపుల్లో తోసుకోవడం. ఊరు చేరేసరికి సగం పండగ అలసటలోనే అయిపోతుంది.

ఇక ఇల్లు. మా ఇంట్లో ఈసారి పందొమ్మిది మందిమి, బాత్రూములు రెండు. వంటింట్లో అరిసెల పాకం, హాల్లో టీవీ, అరుగు మీద పేకాట, మేడ మీద పిల్లల గాలిపటాల గొడవ. నిజం చెప్పాలంటే ఇదంతా నాకిష్టమే. కాకపోతే నాకు ఇరవై ఎనిమిదేళ్లు, పెళ్లి కాలేదు. ఆ రెండు ముక్కలు చాలు. ఎవరి ప్లేటులో బూరె వడ్డించినా చర్చ నా దగ్గరే తేలుతుంది.

ఈ ఏడాది దానికో గడువు కూడా ఉంది. డాలస్‌లో ఉండే సంబంధం. అబ్బాయితో వీడియో కాల్‌లో ఇరవై నిమిషాలు మాట్లాడాను. మంచివాడిలాగే ఉన్నాడు. నేను ఇక్కడి ఉద్యోగం మానేసి వెళ్లాలి, అక్కడ మళ్లీ ఎప్పుడు పని చేయొచ్చో తెలియదు. ‘కనుమ లోపు మాట చెప్పండి’ అన్నారు పెద్దవాళ్లు. ఇరవై నిమిషాల కాల్, నాలుగు రోజుల గడువు.

అందుకే భోగికి రెండ్రోజుల ముందు, తెల్లవారుజామున ఐదున్నరకు, అందరూ పడుకుని ఉండగా షూ లేసులు కట్టుకున్నాను. హైదరాబాద్‌లో మూడేళ్లుగా పరుగెత్తుతున్నాను, కాలనీ పార్కు చుట్టూ గానుగెద్దులా. ఊళ్లో మాత్రం ఎప్పుడూ కుదర్లేదు. ‘ఆడపిల్ల రోడ్డు మీద పరిగెడితే చూసేవాళ్లు ఏమనుకుంటారే’ అనేది అమ్మ. చూసేవాళ్లు లేచేలోపు వచ్చేస్తానన్నాను.

నరసాపురం పటం ఒకసారి చూడండి. ఊరికి తూర్పున వశిష్ఠ గోదావరి, దానికి ఆవలి ఒడ్డున కోనసీమ. ఇంకాస్త కిందికి పోతే సముద్రం. అందుకే ఇక్కడ నదికి పోటూ పాటూ ఉంటాయి. పొద్దున ఒడ్డు దాకా నిండుగా కనిపించిన నీళ్లు, మధ్యాహ్నానికి బురద చూపిస్తాయి. ఊరికీ ఏటికీ మధ్య గట్టు. 1986 వరద గురించి మా మామ్మ ఇప్పటికీ నిన్న జరిగినట్టు చెబుతుంది. మాకు గట్టంటే ఊరికే దారి కాదు, ఇంటి ముందు గోడ.

ఆ గట్టెక్కగానే మొదట తెలిసేది చలి కాదు, చప్పుడు. పక్కనున్న చెరువుల్లో ఏరియేటర్లు తిరుగుతుంటాయి. రాత్రంతా నీళ్లలో ప్రాణవాయువు తగ్గుతూ వచ్చి, తెల్లవారే ముందు బాగా పడిపోతుంది. రొయ్యకు, చేపకు అది ప్రమాద ఘడియ. కాబట్టి ఊరంతా నిద్రపోతున్నా చెరువు కాపలా మనిషి మాత్రం మంకీ క్యాప్ పెట్టుకుని, మోటార్ల వైపు చెవులు రిక్కించి కూర్చుంటాడు. ఆయన నన్ను చూసి మొదటి రోజు లేచి నిలబడిపోయాడు. ‘ఏమ్మా, ఎవరన్నా తరుముతున్నారా?’ అన్నాడు కంగారుగా. లేదండీ, ఊరికే పరిగెడుతున్నాను అంటే, ‘ఊరికేనా!’ అని కూర్చున్నాడు. రెండో రోజు కుక్కలను అదిలించి పెట్టాడు. మూడో రోజు ‘ఈవేళ లేటండీ’ అన్నాడు. ఆయ్, అంతే, మా వైపు మనుషులు.

మంచు పట్టిన రోజు ఏరు కనిపించదు. పడవ మోటారు మోత వినిపిస్తుంది, పడవ ఉండదు. కొబ్బరిచెట్ల మొదళ్లు మాయమై తలలు మాత్రం గాల్లో తేలుతుంటాయి. రెండో పక్క దాళ్వా ఊడ్పులు. మోకాలి లోతు బురదలో వంగిన ఆడవాళ్లు, అంత చల్లటి నీళ్లలో. నా ‘చలికాలపు వ్యాయామం’ వాళ్ల ముందు ఎంత ముచ్చటగా ఉంటుందో మీరే ఊహించుకోండి. అందులో ఒకావిడ నడుం నిలబెట్టి, ‘ఆ పరుగేదో ఇటొచ్చి పరిగెట్టు, రెండు కుంచాలు ఊడ్చి పెడుదువుగాని’ అంది. గట్టంతా నవ్వు.

నా దారిలో వలంధర రేవు ఉంది. డచ్చివాళ్లను మనవాళ్లు వలందావారు అనేవారు, ఆ పేరే రేవుకు మిగిలింది. ఇంకొంచెం ముందుకు పోతే మాధవాయిపాలెం. ఇప్పుడక్కడ సఖినేటిపల్లి పోయే పంటు ఎక్కడానికి బైకులు వరసకడతాయి, అంతే. కానీ ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీ ఇక్కడ బట్టల వ్యాపారం చేసింది. ‘మాడపోలం’ అని ఒక రకం నూలు బట్టకు పేరుంది చూశారూ, అది ఈ పాలెం పేరే. నిఘంటువులకెక్కిన ఊరి రేవులో నేను చెప్పులు ఎండబెట్టుకుంటున్న కుక్కపిల్ల పక్కన కూర్చుని నీళ్లు తాగుతున్నాను (చెప్పులు దానివి కావు, ఎత్తుకొచ్చింది). ఎదురుగా ఆవలి ఒడ్డు తోటల మీదుగా సూర్యుడు వస్తాడు. ఫొటో తీశాను గానీ స్టేటస్ పెట్టలేదు. పెడితే అమ్మ చూస్తుంది, అమ్మ కంటే ముందు పెద్దమ్మ చూస్తుంది.

చలికాలంలో పరుగు తేలికగా అనిపించడానికి కారణముంది. పరిగెత్తేటప్పుడు కండరాలు ఖర్చు చేసే శక్తిలో ముప్పాతిక వంతు దాకా వేడిగానే పోతుంది. ఆ వేడిని ఒళ్లు బయటికి నెట్టాలి. మే నెలలో మా తీరంలో చెమట ఆరదు, ఒంటికే అంటుకుంటుంది, రెండు కిలోమీటర్లకే నాలుక బయటికొస్తుంది. జనవరి పొద్దున ఆ బాధ లేదు. మొదటి పది నిమిషాలు మాత్రం కీళ్లు మొరాయిస్తాయి, నడకతో మొదలుపెట్టండి. దాహం వేయదు కదా అని నీళ్లు మానొద్దు. ఇంకోటి, దయచేసి అరిసెకు శిక్షగా పరిగెత్తకండి. ఎన్ని అరిసెలకు ఎన్ని కిలోమీటర్లు అని లెక్కేసేవాళ్లకు పరుగూ దక్కదు, అరిసే దక్కదు.

భోగి నాడు పరిగెత్తలేదు. చలి పొద్దుల్లో నేల దగ్గరి గాలి చల్లగా, బరువుగా ఉండి పైకి లేవదు. మంటల పొగ వీధిలోనే నిలిచిపోతుంది. ఆ గాలిని గుండెల నిండా పీల్చడం తెలివితక్కువ. కాబట్టి పిడకల దండ పట్టుకుని అందరితో పాటు మంట దగ్గరే నిలబడ్డాను. సంక్రాంతి నాడు ముగ్గు దాటకుండా సందులోంచి బయటపడటమే ఒక ఆట. హరిదాసు గారు ఎదురైతే పరుగు ఆపి, జేబులో బియ్యం లేక, నమస్కారం పెట్టాను.

అసలు గొడవ కనుమ నాడు. ‘కనుమ నాడు కాకి కూడా కదలదే’ అని మామ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది. నేను ఊరు దాటట్లేదు, గట్టు దాకానే అన్నాను. గట్టు ఊళ్లోదా, ఊరవతలదా అని వీధి అరుగు మీద ఐదు నిమిషాలు వాదన నడిచింది. చివరికి మామ్మే, ‘సరే, పంటెక్కకు’ అని పక్కకు జరిగింది.

ఆ రోజు గడువు చివరి రోజు. పరుగులో జవాబులు పుడతాయని కొందరంటారు, నాకెప్పుడూ పుట్టలేదు. నాకు జరిగేది ఒకటే: రొప్పుతున్నప్పుడు ఇతరుల గొంతులు తగ్గుతాయి. పెద్దమ్మ ‘వయసు’ అనదు, మావయ్య ‘డాలర్లు’ అనడు. మిగిలిన నిశ్శబ్దంలో నాకు వినిపించింది చిన్న మాట. నాకు ఆ అబ్బాయి మీద అయిష్టం లేదు, ఆ గడువు మీద ఉంది.

తిరిగొచ్చేసరికి నాన్న పెరట్లో పళ్లు తోముకుంటున్నారు. ‘నాన్నా, ఈవేళ మాట ఇవ్వలేను. ఇంకో మూడు నెలలు మాట్లాడుకోనివ్వండి. కుదరదంటే వద్దనేయండి’ అన్నాను. ఆయన చాలాసేపు పుక్కిలించారు, మామూలు కంటే చాలాసేపు. ‘మీ అమ్మకు నేను చెబుతాలే, ముందు స్నానం చెయ్’ అన్నారు. మధ్యాహ్నం మినపగారెలు, కోడికూర తిన్నాక ఫోన్ పట్టుకుని మేడెక్కారు. అటునుంచి ‘ఆలోచించి చెబుతాం’ అన్నారట. రెండ్రోజులు అమ్మ నాతో ముక్తసరిగా మాట్లాడింది.

ముక్కనుమ పొద్దున వీధి చివర లేసు అల్లే అత్త గారి అమ్మాయి, పదో తరగతి, స్కూలు షూ వేసుకుని నా కోసం కాచుకుని ఉంది. రేవు దాకా ఆగకుండా వచ్చింది, నాకంటే ముందు. తిరిగి వస్తుంటే అడిగింది, ‘అక్కా, మీరు వెళ్లిపోయాక నేనొక్కదాన్నే వెళ్లొచ్చా?’ అని. వాళ్లమ్మను అడుగుదాం పద అని ఇద్దరం వాళ్లింటికి వెళ్లాం. వాళ్లమ్మ దారం చుట్ట ఒళ్లో పెట్టుకుని అంతా వింది. కొక్కెం ఆపకుండానే, ‘చెరువు కాపలా ఆయన మాకు చుట్టమేలే, చెప్పి పెడతాను’ అంది.