తాకకుండానే కదిలే తెర

దండారి రోజుల్లో మేము తీసిన పాటలన్నీ ఒక్క ఫోనులోనే ఉన్నాయి. పర్ధాన్ పెద్దాయన కీక్రి వాయిస్తూ చెప్పిన కథే మూడు గంటల పైన. ఆయనకిప్పుడు గొంతు లేవడం లేదు. ఆ ఫోను తెర పగిలితే ఉట్నూరులో 1,400 రూపాయలిచ్చి కొత్తది వేయించాం.

రెండో రోజు నుంచే వేలు పెట్టకుండా అంకెలు పడసాగాయి. కీబోర్డు పై వరుస మాత్రం ఎంత నొక్కినా పలకదు. షాపుకు పోతే, "తమ్మీ, మీరు పొలం చేతుల్తోని ముట్టుకుంటరు, గట్లనే అయితది. రీసెట్ కొడితే సరి" అన్నాడు. రీసెట్ కొడితే పాటలన్నీ పోతాయి. మన పిల్లలు చాలామంది ఇలాంటి మాటకే తలూపి వచ్చేస్తారు. మేము ఊపలేదు.

ముందు పాటలు దక్కించుకోవాలి. బడి కంప్యూటరు మౌసును ఓటీజీ పిన్నుతో ఫోనుకు తగిలించాం. తెర మీద బాణం గుర్తు వచ్చింది! దానితోనే తాళం తీసి పాటలను మెమరీ కార్డులోకి ఎక్కించాం. తెర చెడ్డా ఫోను చెడదు, ఈ సంగతి చాలామందికి తెలియదు.

తర్వాత తప్పు ఎక్కడుందో వెతికాం. పైనున్న గ్లాసు తీశాం, చార్జరు మార్చాం, సేఫ్ మోడ్‌లో చూశాం. అదే తీరు. అంటే యాప్‌ల తప్పు కాదు. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబరు మీద ఏడుసార్లు నొక్కితే డెవలపర్ ఆప్షన్స్ తెరుచుకుంటాయి. అందులో పాయింటర్ లొకేషన్ పెడితే తాకిన చోటల్లా గీత పడుతుంది. చేతులు దూరంగా పెట్టుకున్నా ఆ వరుస పక్కనే గీతలు వాటంతటవే పడ్డాయి. కీబోర్డు దగ్గర గీసిన గీత ప్రతిసారీ ఒకేచోట తెగింది.

ఆ గీతలు చూపించాక షాపతను పొలం మాట ఎత్తలేదు. లోపలి కనెక్టరు ఊడదీసి మళ్లీ బిగించాడు, మార్పు లేదు. ఇంకో తెరను జిగురు పెట్టకుండా ఉత్తగా తగిలించమన్నాం. ఒక యాప్ గుర్తును పట్టుకుని మూలమూలకూ లాగాం, ఎక్కడా జారిపోలేదు. కాల్ చేసి చెవి దగ్గర పెడితే తెర ఆరింది. అప్పుడే జిగురు పెట్టనిచ్చాం. డబ్బులు అడగలేదు. బిల్లు మీద ఎన్నాళ్ల గ్యారంటీయో మాత్రం మేమే పట్టుబట్టి రాయించుకున్నాం.

ఈ తెర కూడా అసలు దానంత వెలుగు లేదు. ఎండలో చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాం. గుంజాల గోండి అక్షరాలు మాత్రం బాగానే కనిపిస్తున్నాయి, పాటలు రాయడం మొదలుపెట్టాం.