సప్తర్షులకూ త్రిశంకుకూ నడుమ

చైత్రమాసపు ఆకాశం చూడడానికి హైదరాబాదు నుంచి కన్యాకుమారి దాకా 44వ జాతీయ రహదారి పట్టుకున్నాను. చుక్కలు చూడాలంటే హిమాలయాలకు వెళ్లాలి గానీ దక్షిణానికి ఎందుకని అడిగేవాళ్లుంటారు. మన వసంతాకాశానికి రెండు కొసలున్నాయి, చదివేదంతా ఉత్తరపు కొస గురించే. అందుకే ఈ దారి. ఐరోపాలోనూ అమెరికాలోనూ రాసిన పరిచయాలు సప్తర్షి మండలంతో మొదలుపెట్టి, దాని తోక వంపు వెంట స్వాతికీ, అదే వంపులో ఇంకాస్త ముందుకు చిత్తకూ తీసుకెళతాయి. సింహరాశిలో మఖను చూపించి ముగిస్తాయి. అక్కడివాళ్లకు అది న్యాయమే, దక్షిణాన అంతకు మించి పెద్దగా కనిపించదు. ఆ పట్టికనే మనమూ అప్పు తెచ్చుకుని మన ఆకాశం ఇంతేననుకోవడం దగ్గరే నాకు అభ్యంతరం.

సప్తర్షులు ఉత్తరాన బాగా పైకి వచ్చే వేళకే దక్షిణాన త్రిశంకు (సదరన్ క్రాస్) నాలుగు చుక్కలూ నిటారుగా నిలబడతాయి. వెనకే, తూర్పు వైపున, రెండు పెద్ద చుక్కలు వస్తుంటాయి. వాటిలో త్రిశంకుకు దూరంగా ఉన్నది ఆల్ఫా సెంటారి, నాలుగున్నర కాంతి సంవత్సరాల లోపే ఉన్న మన పొరుగు నక్షత్రం. ఢిల్లీలో త్రిశంకు అడుగు చుక్క ఎన్నడూ దిగంతం దాటి పైకి రాదు. తెలుగు నేల మీద మాత్రం ప్రతి ఊళ్లోనూ వస్తుంది. దక్షిణానికి సాగే కొద్దీ ఇంకా లేస్తుంది: ప్రతి 111 కిలోమీటర్లకు ధ్రువ నక్షత్రం ఒక డిగ్రీ దిగుతుంది, త్రిశంకు ఒక డిగ్రీ ఎక్కుతుంది. ఆ అడుగు చుక్క హైదరాబాదులో మహా అయితే తొమ్మిదిన్నర డిగ్రీల ఎత్తుకు చేరుతుంది. కర్నూలులో పదకొండు, అనంతపురంలో పన్నెండు దాటుతుంది. మదురైలో పదిహేడు, కన్యాకుమారిలో దాదాపు పందొమ్మిది. చాచిన చేతి పిడికిలి వెడల్పు సుమారు పది డిగ్రీలు కాబట్టి దీన్ని కొలవడానికి పరికరమేదీ అక్కర్లేదు. హైదరాబాదులో దిగంతం మీద ఒక పిడికిలి పెడితే ఆ చుక్క తగులుతుంది, కన్యాకుమారిలో పిడికిలి మీద పిడికిలి పెట్టాలి. భూమి గుండ్రంగా ఉందన్న మాటకు ఇంతకంటే నేరుగా కళ్లకు అందే సాక్ష్యం నాకు తెలియదు. ఆ సాక్ష్యం ప్రయాణించేవాడికే దొరుకుతుంది.

హైదరాబాదులోనూ కనిపించేదానికి అంత దూరం ఎందుకన్న ప్రశ్న సమంజసమైనదే. లెక్క ప్రకారం కనిపించడం వేరు, కంటికి ఆనడం వేరు. తొమ్మిదిన్నర డిగ్రీల ఎత్తులో ఉన్న చుక్క వెలుగు, నడినెత్తిన ఉన్నదాని కంటే దాదాపు ఆరు రెట్ల గాలిని చీల్చుకుని రావాలి. ఎండాకాలపు దుమ్ము, నగరపు దీపాల వెలుగు సరిగ్గా ఆ కింది పొరలోనే పేరుకుంటాయి. పందొమ్మిది డిగ్రీల దగ్గర ఆ గాలి మూడు రెట్లకు తగ్గుతుంది. పైగా కన్యాకుమారిలో దక్షిణాన ఉన్నది ఊరు కాదు, సముద్రం. వేళ కూడా చూసుకోవాలి. చైత్ర అమావాస్య రోజుల్లో త్రిశంకు పదిన్నర, పదకొండు గంటల మధ్య బాగా పైకి వస్తుంది. వైశాఖం చివరికి తొమ్మిదికే వస్తుంది గానీ, అప్పటికి ఆ తీరానికి నైరుతి మబ్బులు దగ్గరపడతాయి. అందుకే నా ఓటు చైత్రానికి.

అలాగైతే ఆస్ట్రేలియాకే వెళ్లొచ్చు కదా అనవచ్చు. సిడ్నీలో త్రిశంకు ఎంతో ఎత్తున వెలుగుతుంది, నిజమే. కానీ సప్తర్షుల్లో క్రతువు అక్కడ ఉదయించనే ఉదయించదు, మరీచి దిగంతం మీద కాస్త తొంగిచూస్తాడు. కన్యాకుమారిలో త్రిశంకు నిటారుగా నిలిచిన వేళ వెనక్కి తిరిగితే, క్రతువు దాదాపు 35 డిగ్రీల ఎత్తున ఉంటాడు. ఈ రెండింటినీ ఒకే రాత్రి, ఒకే చోట నిలబడి చూడగలగడమే మన వసంతానికున్న ప్రత్యేకత. కన్యాకుమారి దూరమనుకునేవాళ్లు అనంతపురం దాకానైనా వెళ్లాలి: హైదరాబాదు మీద దాదాపు మూడు డిగ్రీల లాభం. దక్షిణాన దీపాలు లేని పొలం గట్టు ఎంచుకుంటే, తెలుగు నేల దాటకుండానే ఆ నాలుగు చుక్కలనూ గుర్తుపట్టవచ్చు.