బురుజు ఎదుట కుర్చీ

ఉద్యోగరీత్యా స్పెయిన్ వెళ్ళిన మా తమ్ముడు అక్కడి మజోర్కా దీవిని చూసి వచ్చి, పాల్మా నగర కూడలి ఫోటోలు పంపాడు. చుట్టూ వసారాలు, నడుమ విశాలమైన ఖాళీ స్థలం. 1229లో క్రైస్తవ రాజు వశమయ్యేవరకు ఆ నగరం మదీనా మయూర్కా పేరుతో ముస్లిముల పాలనలో ఉండేదని కూడా రాశాడు. అమ్మీ ఆ చరిత్రను పట్టించుకోలేదు. ఫోనును కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, "ముసలివాళ్ళు కూర్చోవడానికి చోటుందా?" అని మాత్రం అడిగారు.

ఆ మాట నన్ను వదలలేదు. మా కర్నూలులోనూ ఒక కూడలి ఉన్నది కదా! 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి పాతబస్తీని ముంచినప్పుడు మా ఇంటిలో అబ్బా పుస్తకాల బీరువా బురదపాలైంది. మరుసటి సంవత్సరమే అబ్బా అల్లాహ్ సన్నిధికి చేరారు. మేము ఇల్లు మారాము. అప్పటినుండి కొండారెడ్డి బురుజు మీదుగా ఆటో వెళ్తుంటే అమ్మీ ముఖం తిప్పుకునేవారు.

ఒక ఆదివారం అస్ర్ నమాజు ముగించి, "అమ్మీ, బురుజు దాకా వెళ్దాం రండి" అన్నాను. కాదంటారనుకున్నాను. మౌనంగా బుర్ఖా అందుకున్నారు.

విజయనగర రాజుల కాలపు కోటలో మిగిలిన ఆ బురుజు చుట్టూ ఆటోలు, పండ్ల బండ్లు, హారన్ల గోల. అలంపురం ఏలిక కొండారెడ్డిని ఇందులోనే బంధించారని చెప్పుకుంటారు. ఈ రద్దీలో పెద్దవాళ్ళు రోడ్డు దాటడమూ ఒక రకంగా చెర నుండి తప్పించుకోవడమే. కూర్చునే చోటు కోసం వెతుకుతుంటే, టీ కొట్టతను అమ్మీని చూసి, అడగకుండానే ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశాడు.

అమ్మీ చాలాసేపు బురుజు వైపే చూశారు. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు, పదేళ్ళ అబ్బా మా తాత భుజమెక్కి ఈ వీధుల్లో జనాన్ని చూశారట. "అంత పెద్ద పిల్లవాణ్ణి ఎవరు మోస్తారు? మీ అబ్బా కొంచెం కలిపి చెప్పేవారు" అని నవ్వారు. వరద తరువాత అబ్బాను తలచుకుని ఆమె నవ్వడం నేను చూడలేదు. తరువాత కళ్ళు తుడుచుకుని, నీళ్ళు ఎంతదాకా వచ్చాయో ఎదుటి గోడ మీద చేతితో తానే చూపించారు.

మగ్‌రిబ్ అజాన్ వినిపించింది. లేస్తూ కుర్చీని చేత్తో తట్టి, "దీన్ని ఫోటో తీసి తమ్ముడికి పంపు" అన్నారు.