అమ్మ ఒక్కసారే కొట్టింది!

ఈ శీర్షిక చూసి, పిల్లల్ని కొట్టే తల్లుల మీద నేనేదో పాఠం చెప్పబోతున్నానని అనుకోకండి. అంత చదువు నాకు లేదు. ఇంటర్ అయిపోగానే పెళ్లి చేసుకుని కడప జిల్లా కమలాపురానికి కోడలిగా వచ్చినదాన్ని. ఈ మాట అన్నది మా పెద్దోడు, అయిదేళ్ల వయసులో. అదీ ఉగాది పండగ నాడు.

అది 2014, జయ నామ సంవత్సరం. మావారు కువైట్‌లో ఉన్నారు. మా జిల్లా సంగతి తెలిసిన వాళ్లకు ఇది కొత్తేం కాదు. మా దగ్గర ఏ వీధికి పోయినా కువైట్‌లో మనిషి ఉన్న ఇల్లు ఒకటైనా కనిపిస్తుంది. ఇంట్లో నేను, మా అత్తగారు, అయిదేళ్ల పెద్దోడు, రెండేళ్ల చిన్నమ్మి. మగదిక్కు లేదు కదా, పండగలో ఏ లోటూ కనపడకూడదని నాకొక పట్టుదల. నలుగురూ "పాపం, మొగుడు ఊర్లో లేడు, అందుకే వీళ్లింట్లో పండగ లేదు" అనుకుంటే తల కొట్టేసినట్టు ఉండదూ!

అందుకని ఆ రోజు తెల్లవారుజామున మూడున్నరకే లేచాను. ఇల్లు కడగడం, ముగ్గు, మామిడాకుల తోరణం, పిల్లలకు తలస్నానాలు. ఆ పైన వంట చూడండి: ఓళిగలు (మీరు బొబ్బట్లు అంటారేమో), ఉద్దివడలు, చిత్రాన్నం, పాయసం, రెండు కూరలు, పప్పు, చారు, ఉగాది పచ్చడి. తినేది నలుగురం, అందులో ఒకరికి ఇంకా సరిగ్గా పళ్లే రాలేదు!

తొమ్మిది దాటింది. పూర్ణం రుబ్బి పళ్లెంలో పెట్టి, వడల పిండి చూసుకుంటున్నాను. మావాడు మెల్లగా వచ్చి ఆ పూర్ణంలో చెయ్యి పెట్టాడు. నైవేద్యం ఇంకా కాలేదు. నాకు ఎక్కడి నుంచి వచ్చిందో అంత కోపం, ఫెడీమని ఒకటిచ్చాను. వాడు వెనక్కి పడ్డాడు, పళ్లెం వాడి మీద పడింది. వాడు గట్టిగా ఏడ్చినా బాగుండేది. కొత్త చొక్కాకు అంటిన పూర్ణాన్ని చేత్తో తుడుచుకుంటూ, నా వైపు చూసుకుంటూ బయటికి పోయాడు.

సాయంత్రం కువైట్ నుంచి ఫోన్ వచ్చింది. వాళ్లకు పండగ సెలవు ఉండదు, పని దిగి రూముకు వచ్చి చేశారు. "పండగ ఎట్ల జరిగింది నాయనా?" అని వీణ్ణి అడిగారు. వీడు ఎంత మామూలుగా చెప్పాడంటే, "బాగా జరిగింది నాన్నా. అమ్మ ఒక్కసారే కొట్టింది."

ఒక్కసారే! అంటే అంతకు ముందు పండగలకు ఎన్నిసార్లు కొట్టానో వాడు లెక్క పెట్టుకున్నాడన్నమాట. వాడి దృష్టిలో అది మంచి పండగే. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా అత్తగారికి మడి, ఆచారం ఎక్కువ. ఆవిడ నన్నే సమర్థిస్తుందనుకున్నాను. మరునాడు పాత్రలు తోముతుంటే పక్కన కూర్చుని, "మేము పండగ చేసినప్పుడు ఆ ఇంట్లో ఆరుమంది ఆడోళ్లం మే. ఒకరు రుబ్బితే ఒకరు తట్టేది. పిల్లోళ్లను ముసిలోళ్లు పట్టుకునేది. ఆరుమంది చేసే పండగ నువ్వొక్కదానివి చేస్తే కోపం రాక ఏమొస్తాది?" అంది. నిజమే కదా! ఇండ్లు వేరుపడ్డాయి, మనుషులు తగ్గారు. పండగ పని మాత్రం ఏమీ తగ్గలేదు, ఆ ఆరుమంది బరువూ వచ్చి ఒక్క కోడలి నెత్తిన పడింది. ఇది నాకు తట్టనే లేదు.

"అయితే ఏం చేయాలత్తా?" అన్నాను.

"అన్నీ చేయాల్నని దేవుడు చెప్పినాడా? ఉగాదికి పచ్చడి ఉండాల, ఓళిగ ఉండాల. మిగతాది నీ ఓపిక."

ఆ మాట పట్టుకుని మరుసటి ఏడు పట్టీ సగానికి సగం కోసేశాను. వడలు లేవు, పాయసం లేదు. ఓళిగలు, చిత్రాన్నం, పచ్చడి, పప్పు ఉడికించిన కట్టుతో చారు. అంతే. ఊళ్లో ఎవరూ వచ్చి మా వంటింట్లో గిన్నెలు లెక్కపెట్టలేదు!

అసలు మార్పు మాత్రం వంట తగ్గించడం వల్ల రాలేదు. పని పిల్లల చేతికివ్వడం వల్ల వచ్చింది. ముందు రోజు సాయంత్రం వాణ్ణి, చెల్లెల్ని వెంటబెట్టుకుని వేపచెట్టు కిందికి పోయాను. పాత దుప్పటి పరిచి చిన్న కొమ్మను దులిపాము. జల్లున పువ్వు రాలింది. ఇంటికి తెచ్చి చాటలో పోసి, ఈనెలూ కాడలూ ఏరి, రెండు అరచేతుల మధ్య మెల్లగా నలిపి ఊదితే పువ్వు వేరే, చెత్త వేరే అవుతుంది. ఆ పని వాడికిచ్చాను. గంటసేపు కదలకుండా చేశాడు. ఇంట్లో నిమిషం కుదురుగా కూర్చోని పిల్లాడండీ! వాడికి నేను "పువ్వు పెద్ద" అని పేరు పెట్టాను. పచ్చడిలో వేపపువ్వు ఎంత పడాలో వాడు చెబితేనే పడాలి. కొత్త బెల్లం, కొత్త చింతపండు, పచ్చిమామిడి ముక్కలు, కారం నావి. ఉప్పు చిన్నమ్మిది.

ఈ ఉప్పు సంగతి ఒకటి చెప్పాలి. ఒక ఏడు అది వేసింది మరిచిపోయి రెండోసారి వేసింది. నోట పెట్టలేము. నాకు మళ్లీ ఆ పాత కోపం గొంతు దాకా వచ్చింది. అంతలో మా అత్తగారు ఒక గరిటెడు తాగి, "ఈ సంవత్సరమంతా నా మనవరాలికి రుణపడి ఉండాల, ఉప్పు తిన్నాం కదా" అంది. అందరం నవ్వేశాం. ఇంత బెల్లం, చింతపండు నీళ్లు కలిపి సరిచేశాను. ఇప్పటికీ అది ఉప్పు డబ్బా తీస్తే వాళ్లన్న "ఒక్కసారే!" అంటాడు. చూశారా, నన్ను పొడిచిన మాట ఇంట్లో పరాచికమైపోయింది.

ఓళిగల దగ్గర కూడా వాళ్లకు చోటిచ్చాను. నైవేద్యానికి ముందే కాస్త పూర్ణం దేవుడి పేరు చెప్పి వేరే గిన్నెలో తీసి మూత పెడతాను. తర్వాత మిగిలింది ఉండలు చేయడం పిల్లల పని. చెయ్యి నోట్లోకి పోయినా పరవాలేదు. ఈ ఉపాయం అత్తగారిదే. కొత్తగా చేసేవాళ్లకు ఒక మాట: గ్లాసు పచ్చిశనగపప్పుకు గ్లాసు బెల్లం. పప్పు వేలితో నొక్కితే చితకాలి, అంతేగాని మెత్తగా పేస్టు కాకూడదు. నీళ్లు బాగా వంచాలి, ఆ కట్టు చారుకు దాచుకోవాలి. పూర్ణం జారుగా వస్తే కంగారు పడి పిండి కలపకండి. బాణలిలో వేసి సన్నని సెగ మీద గట్టిపడేదాకా తిప్పండి. పిల్లలు చేసిన ఉండలు ఒకటి నిమ్మకాయంత, ఒకటి గోలీకాయంత ఉంటాయి. అట్లాగే తట్టేయండి. గోలీకాయంత ఉండతో చేసిన ఓళిగ కోసమే మా ఇంట్లో పోట్లాట!

భోజనాలయ్యాక పంచాంగం. గుళ్లో పంచాంగ శ్రవణానికి చిన్నపిల్లలు కూర్చోరు. మేము ఇంట్లోనే తీసుకుని అందరి రాశులకూ ఆదాయం వ్యయం, రాజపూజ్యం అవమానం చదువుకుంటాం. ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు అని వస్తే ఎవరిదా అని ఒకటే గోల. నేను వాటిని నమ్ముతానా అంటే, సగం సగం. కానీ కూడికలు, తీసివేతలు చిన్నమ్మి బడిలోకన్నా ముందు ఇక్కడే నేర్చుకుంది.

ఇట్లా చదువుతుండగానే ఒకనాడు సంవత్సరాల పేర్ల మీదికి మాట పోయింది. అరవై పేర్లు కదా, ప్రభవ నుంచి అక్షయ దాకా. పెద్దోడు పుట్టింది 2009, విరోధి. "అందుకే నాతో విరోధం" అన్నాను నేను. నాది 1981, దుర్మతి. అది విని పిల్లలు ఎంత సంబరపడ్డారో చెప్పలేను! చిన్నమ్మిది 2012, నందన. ఆ మాట వినగానే మంచం మీద పడుకున్న మా అత్తగారు లేచి కూర్చుంది. "నాదీ నందనే కదమ్మీ! మా అమ్మ చెప్పేది, నందనలో పుట్టినానని." లెక్క వేస్తే 1952. సరిగ్గా అరవై ఏండ్లు. చక్రం మొత్తం ఒక చుట్టు తిరిగి అదే పేరు మళ్లీ వచ్చింది. జేజికీ మనవరాలికీ ఒకే సంవత్సరం! ఆ పిల్ల పోయి జేజి ఒళ్లో ఎక్కి దిగితే ఒట్టు. అప్పటి నుంచి ప్రతి ఉగాదికీ మొదటి పచ్చడి గిన్నె "నందనలు ఇద్దరికీ" ఇవ్వాలని అదే చట్టం చేసింది.

మా ఎదురింటి వాళ్లు ముస్లిములు. ఆ అక్క ప్రతి ఉగాదికీ తెల్లారేసరికి ఇంటిల్లిపాదితో దేవుని కడపకు పోతుంది. బయటి జిల్లాల వాళ్లకు వింతగా ఉండవచ్చు గానీ, ఉగాది నాడు దేవుని కడప లక్ష్మీ వేంకటేశ్వరస్వామి గుడికి ముస్లిములు బారులు తీరి వస్తారు. బీబీ నాంచారమ్మ తమ ఆడబిడ్డ, స్వామి తమ అల్లుడు అని వాళ్ల నమ్మకం. టెంకాయలు, పూలు పట్టుకుని పోతారు. తిరుమలకు గడప ఈ ఊరే అనీ, దాన్నుంచే కడప పేరు వచ్చిందనీ మా వైపు చెప్పుకుంటారు. ఒక ఏడు మావాణ్ణి కూడా వెంట తీసుకుపోతానంది. వాడు దారి పొడుగునా "ఆ దేవుడు మీకేమవుతాడు?" అని అడిగితే, "అల్లుడయితాడు నాయనా. పండగ పూట అల్లుణ్ణి పలకరించకుంటే ఊరుకుంటాడా?" అందట. వాడు తిరిగొచ్చి నాతో, "మనం కూడా చుట్టం మాదిరి పోవాల మా, ఏమీ అడగకూడదు" అన్నాడు. ఆ తర్వాత అది కూడా మా ఉగాదిలో చేరింది. మా గిన్నెలో పచ్చడి, ఓళిగలు వాళ్లింటికి, వాళ్లు తెచ్చిన ప్రసాదం మాకు.

ఇవన్నీ ఎంతవరకు నిలుస్తాయో 2020లో తెలిసింది. ఆ ఏడు ఉగాది మార్చి 25, దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజు. శార్వరి నామ సంవత్సరం. శార్వరి అంటే రాత్రి అని పెద్దోడు ఎక్కడో చదివి చెప్పాడు. అసలు ఆ వేసవికి మావారు సెలవు మీద రావలసింది. విమానాలు ఆగిపోయాయి. గుళ్లలో దర్శనాలు ఆగిపోయాయి. ఎదురింటి అక్క జన్మలో మొదటిసారి ఉగాదికి దేవుని కడపకు పోలేదు. నాకైతే పొయ్యి వెలిగించబుద్ధి కాలేదు. మనిషి అక్కడ ఏ గదిలో ఎందరి మధ్య ఉన్నాడో, ఆ జబ్బు వస్తే చూసే దిక్కెవరో అని, ముందు రాత్రి పడుకున్నా కన్ను మూతపడలేదు. ఈ ఏడాదికి పండగ వద్దని నిర్ణయించుకున్నాను.

పొద్దున లేచేసరికి వంటింట్లో చప్పుడు. పదకొండేళ్లవాడు, ఎనిమిదేళ్లది. చాటలో వేపపువ్వు. మిద్దె మీదికి వంగిన కొమ్మ నుంచి తెల్లారకముందే కోసుకొచ్చారట. మామిడికాయ లేదు, అంగళ్లు మూసేసినారు. అందుకని నిమ్మకాయ పిండారు. కొత్త బెల్లం లేదు, పాతదే దంచారు. ఉప్పు దగ్గర చిన్నమ్మి నిలబడి, "అమ్మా, ఒక్కసారే వేసినా" అంది.

కువైట్‌లో మనకంటే రెండున్నర గంటలు వెనక. వాళ్లకు ఇంకా చీకటి. అయినా వీడియో కాల్ చేశారు. వాళ్ల రూములో ఆయనతో పాటు మా జిల్లా వాళ్లే ఇంకో ముగ్గురున్నారు, నిద్ర కళ్లతో. పెద్దోడు గిన్నె ఫోన్ ముందు పెట్టి, "నాన్నా, మీరు ఉత్త చక్కెర నోట్లో వేసుకోండి. చేదు మేము తాగుతాము" అన్నాడు. ఆ ముగ్గురిలో ఒకాయన ముఖం పక్కకు తిప్పుకోవడం నేను చూశాను. తర్వాత ఎదురింటి గడప మీద గిన్నె పెట్టి పిల్లలు దూరంగా నిలబడి పిలిచారు. ఆ అక్క తలుపు తీసి గిన్నె తీసుకుని, గుడి ఉన్న దిక్కుకు తిరిగి ఒక దండం పెట్టి తాగింది.

మావారు 2021లో వచ్చేశారు, మళ్లీ పోలేదు. మొదటి ఉగాదికి ఆయన పాపం ఏ పని చేయాలో తెలియక వంటింటి గుమ్మంలో నిలబడితే, చిన్నమ్మి బెల్లం దంచే పని అప్పగించింది. "మెత్తగా దంచండి, గడ్డలుంటే జేజికి పళ్లు లేవు" అని హెచ్చరిక కూడా!

"మాకు వేపచెట్టు లేదు, అపార్టుమెంటులో ఉంటాం, ఏం చేయమంటారు?" అని మీలో కొందరు అడుగుతారు. ఉగాదే కానక్కరలేదు. మీ ఇంట్లో ఏ పండగ ఉంటే అందులో ఒక్క పని మూడేళ్ల పిల్లకు కూడా చేతనయ్యేది వెతకండి. ఆ పని ప్రతి ఏడూ ఆ పిల్లదే కావాలి. పొరపాటున కూడా మీరు చేసేయకండి. చెడిపోతే చెడిపోనివ్వండి. రెండేళ్లు వరసగా చేయిస్తే మూడో ఏడు మీరు మరిచిపోయినా వాళ్లు మరిచిపోరు. కొత్త బట్టలు, టపాకాయలు నేను వద్దనను గానీ, మావాళ్లను ఏ ఏడు ఏ బట్టలు కొన్నామో అడిగితే ఒక్కటీ చెప్పలేరు.

పెద్దోడు ఇప్పుడు ఇంటర్, హాస్టల్లో ఉన్నాడు. మొన్న ఉగాదికి సెలవు ఇస్తారో ఇవ్వరో అన్నాడు. సరే, ఈసారి వాడు లేడని పువ్వు నేనే ఏరుకుందామని చాట తీశాను. రాత్రి తొమ్మిదికి ఫోన్. "మా, పువ్వు ముట్టుకోవద్దు. పొద్దున మొదటి బస్సుకు వస్తాండా. ఇంకోటి, నాతో ఇద్దరు పిల్లోళ్లు కూడా వస్తాండారు. వాళ్లది శ్రీకాకుళం, పండగకు ఇంటికి పోలేరంట."

ఇద్దరూ పదహారేళ్ల మగపిల్లలు, అదీ హాస్టల్ తిండి తినేవాళ్లు! లేచి ఇంకో రెండు గ్లాసుల శనగపప్పు నానబెట్టాను.