కంటి పొలిమేర

మాది బరంపురము. తాతల నాటినుండి గంజాము సీమలో స్థిరపడిన తెలుగు కుటుంబము. ఈ పాఠశాల పత్రికలో మా యింటి ముచ్చట నొకదానిని వ్రాయుటకు కొంత సంకోచించితిమి. ఏలయన, అందు మా తప్పు కలదు. ఆ తప్పు వేఱొక యింట జరుగకుండుటకై వ్రాయుచున్నాము.

అది 2018వ సంవత్సరపు వేసవి. మా తమ్ముని కుమారునికి ఆఱేండ్లు. ఒక మధ్యాహ్నము మా యమ్మ తాంబూలపు పళ్ళెమును ముందుంచుకొని వక్కలు కత్తిరించుచుండెను. పిల్లవాడు సున్నపు పొట్లమును పిడికిట బట్టి నొక్కెను. అది పగిలి సున్నము వాని కుడికంట చిమ్మెను. వాని కేక విని ఇంటిల్లిపాదియు పరుగెత్తితిమి. నీళ్ళచెంబు చేతనే యున్నది. కాని "నీళ్ళు పోయకండిరా, సున్నానికి నీళ్ళు తగిలితే కుతకుత ఉడుకుతుంది" అని అమ్మ అఱచెను. మేమును నిజమే యనుకొంటిమి. నీటికి బదులు ఆముదము చుక్కలు వేసి, గుడ్డ కట్టి, సాయంకాలమునకు గాని వైద్యునికడకు తీసికొనిపోలేదు.

మేము చదువుకొన్నవారమే. అయినను ఆ క్షణమున చదువు పనికి రాలేదు. నీరు తగిలిన నుడుకునది కాల్చిన రాతిసున్నము. తాంబూలపు సున్నము అప్పటికే నీట తడిసి విఱిసినది. నీటివలన అది మఱల ఉడుకదు. అది క్షారము. ఆమ్లము కంటిపొరను గడ్డకట్టించి చాలవఱకు అక్కడనే యాగును. క్షారమట్లు గాక కణములలోని కొవ్వును కరగించుచు లోలోనికి చొచ్చును. కావున తత్క్షణమే మంచినీటి ధారతో అరగంటసేపైనను ఎడతెగక కడిగి, పిమ్మట ఆలస్యము సేయక వైద్యునికడకు పోవలెను. ఱెప్పలక్రింద చిక్కిన సున్నపు పలుకులను ఆయన తొలగించును.

కొన్ని నెలలలో వాని నల్లగుడ్డుపై ఎఱ్ఱని రక్తనాళములతో తెల్లని పొర ప్రాకెను. ఆ కంట వెలుతురును చీకటియు మాత్రమే తెలియుచుండెను. అమ్మ తాంబూలము మానివైచెను. ఆమెను ఇంట ఎవరును ఒక్కమాట యనలేదు. అనకపోవుటయే ఆమెకు భారమయ్యెను.

ఎవరో దానము చేసిన కార్నియాను కుట్టిన చాలునని మేము తలచితిమి. హైదరాబాదులోని వైద్యులు అది యొక్కటే నిలువదని చెప్పిరి. కార్నియా కంటిముందరి గాజుకిటికీ వంటిది. దాని పైపొర నిత్యము అరిగిపోవుచు, నిత్యము క్రొత్తదగుచుండును. ఆ క్రొత్తకణములను పుట్టించు మూలకణములు, నల్లగుడ్డును తెల్లగుడ్డును కలియు సన్నని అంచున నుండును. ఆ పొలిమేరకు లింబస్ అని పేరు. పొలిమేర కాలిపోయినచో, కంచె లేని చేనిలో పశువులు దిగినట్లు, తెల్లగుడ్డు మీది పొర లోనికి ప్రాకును. క్రొత్త కార్నియాకైనను అదే గతి.

అయితే రెండవ కంటి పొలిమేర క్షేమముగా నున్నది గదా! 1997లో ఇటలీ దేశమున పెల్లెగ్రీని, దె లూకా మొదలగు శాస్త్రజ్ఞులు మంచికంటినుండి అణుమాత్రపు తునుక తీసి, ప్రయోగశాలలో పొరగా పెంచి, కాలిన కంటికి అతికించిరి. అట్టి ప్రయోగశాల మిక్కిలి వ్యయముతో కూడినది. హైదరాబాదున డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావుగారు 1987లో నెలకొల్పిన ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థలో డాక్టరు వీరేందర్ సంగ్వాన్, వారి సహచరులు 2012లో సులభమార్గమును ప్రకటించిరి. మంచికంటి అంచున రెండు మిల్లీమీటర్ల తునుక తీసి, ఎనిమిది పది ముక్కలుగా చేయుదురు. చెడిన కంటిపై పెరిగిన పొరను తొలగించి, ప్రసవవేళ తల్లులిచ్చిన ఉమ్మనీటి సంచి పొరను జిగురుతో అతికి, దానిపై ఆ ముక్కలను నాటుదురు. కన్నే వానికి ప్రయోగశాల. 2016లో ప్రకటింపబడిన లెక్కలో, ఇట్లు చికిత్స పొందిన 125 మందిలో నూటికి 76 మందికి ఆ పొర నిలిచెను.

ఈ మాట విని మా తమ్ముడు వణికెను. "ఉన్న ఒక్క మంచికంటికి కత్తి తగిలింతునా?" అనెను. తీసినచోటు తనంతట మానునని వైద్యులు నచ్చచెప్పినను వాని మనసు కుదురలేదు. రెండు దినములు మాలో నెవ్వరును ఔననలేదు, కాదనలేదు. చివరకు అమ్మయే నోరు విప్పెను: "విత్తనాలు గాదెలో దాచుకుంటే పంట రాదురా. చల్లమనండి." ప్రమాదము జరిగిన తరువాత ఆమె మా యెదుట గట్టిగా పలికిన మొదటిమాట అది.

2019లో శస్త్రచికిత్స జరిగెను. కొన్ని నెలల పిమ్మట కన్ను పరీక్షించునప్పుడు గోడమీది పలక వెలిగెను. దానిపై తెలుగక్షరములు! మా యూర ఒడియా, ఇంగ్లీషు పలకలే చూచిన పిల్లవాడు "మన అక్షరాలే!" అని అఱచి, ఎడమకంటిని అఱచేత మూసికొని, నాలుగు వరుసలు చదివెను. అయిదవ వరుస చదువలేకపోయెను; నేటికిని ఆ కంట కొంచెము మసక కలదు. మొదటనే నీరు పోసియుండిన ఆ మసకయు నుండకపోవునేమో! గుమ్మమువద్ద నిలిచిన అమ్మ ఒక్కొక్క యక్షరమునకు తలయూపుచుండెను.

వాడిప్పుడు ఈ పాఠశాలలోనే చదువుచున్నాడు. ఈ వ్యాసమును ముందుగా వానికే చదివి వినిపించి, వాడు సరే యన్న పిమ్మటనే పంపితిమి.

రెండు కన్నులును కాలినవారికి తమదైన విత్తనము మిగులదు. వారు బంధువులనో, నేత్రదాతలనో ఆశ్రయింపవలెను. మా యింట పెద్దలందఱము నేత్రదానపత్రములపై సంతకములు చేసితిమి. మొదటి సంతకము అమ్మది. విద్యార్థులారా, మీ యిండ్లలో సున్నపు పొట్లమును పిల్లల చేతికందని చోట నుంచుడు. ఒకవేళ కంట పడినచో ఎవరేమన్నను వినక, మొదట నీళ్ళు పోయుడు.