కల్లెడ విల్లు... కొలిచి కొనాలి!

వరంగల్ నుంచి బయల్దేరి మామునూరు దాటాక రోడ్డుకు రెండువైపులా పత్తి చేలు. మధ్యమధ్యలో మిర్చి, వరి, చెరువు కట్టలు. బస్సులో సగం మంది అన్నారం దర్గాకు మొక్కు తీర్చుకోవడానికి వెళ్లేవాళ్లే. ఆ దర్గా ఉన్న పర్వతగిరి మండలంలోనే ఉంది కల్లెడ. గుడికో కోటకో పేరుపడ్డ ఊరు కాదు. అయినా జిల్లాలో ఆటల సంగతి తెలిసినవాళ్ల దగ్గర ఆ పేరెత్తితే ముందుగా గుర్తొచ్చేది... విల్లు!

ఈ ఊరి అమ్మాయి వర్ధినేని ప్రణీత 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌కు వెళ్లింది. డోలా బెనర్జీ, బొంబేలా దేవిలతో కలిసి భారత మహిళల జట్టు తరఫున బాణం వేసింది. అప్పటికి ఆమెకు నిండా పద్దెనిమిదేళ్లు లేవు. విల్లు పట్టడం నేర్చుకుంది ఏ మహానగరంలోనో కాదు... సొంతూళ్లో, గ్రామీణ పిల్లల చదువు కోసం 1996లో మొదలైన రూరల్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ బడిలో. ఊళ్లో అందరూ ఆర్డీఎఫ్ బడి అంటారు. పదహారేళ్ల తర్వాత అదే బడిలో చదివిన జీవాంజి దీప్తి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. ఒక్క పల్లె నుంచి ఇద్దరు! పరుగుకు కావాల్సింది ఒక జత స్పైక్ బూట్లు. అవి ఇరుకైతే మరో జత కొనుక్కోవచ్చు. విల్లు అలా కాదు. పిల్లతోపాటు అదీ ఎదగాలి.

తల్లిదండ్రులు తడబడేది ఇక్కడే. జాతరలో కొన్న వెదురు విల్లంబులతో పిల్లాడు గోడమీది బొమ్మను కొట్టగానే ఇంట్లో పెద్ద ఆశ మొలకెత్తుతుంది. ‘కొంటే మంచిదే కొందాం, నాలుగేళ్లు ఉంటుంది’ అనుకుంటారు. ఒక సైజు పెద్ద చొక్కా కొన్నట్టు ఒక సైజు పెద్ద విల్లు కొనేస్తారు. చొక్కా వదులైతే చేతులు మడుచుకోవచ్చు. విల్లు బరువైతే? పిల్లాడు భుజం ఎత్తి, నడుం వంచి, మెడ బిగించి లాగుతాడు. ఆ తప్పుడు భంగిమ అలవాటైపోతుంది. దాన్ని మాన్పించడం కొత్తగా నేర్పడం కంటే కష్టం. భుజం నొప్పి అదనం.

విల్లు బరువంటే చేతిలో మోసే బరువు కాదు, అల్లెతాడును గడ్డం దాకా లాగడానికి పట్టే బలం. దాన్ని పౌండ్లలో చెబుతారు. అంతర్జాతీయ పోటీల్లో ఆడే మహిళల విల్లు దాదాపు నలభై పౌండ్లు ఉంటుంది. అంటే పద్దెనిమిది కిలోలు. ర్యాంకింగ్ రౌండులో 72 బాణాలు వేయాలి కాబట్టి ఒక్క పూటలో లాగే మొత్తం దాదాపు పదమూడు క్వింటాళ్లు. ఎనుమాముల మిర్చి యార్డులో హమాలీ చెప్పాల్సిన లెక్క అది! పదీ పన్నెండేళ్ల పిల్లలకు పద్నాలుగు నుంచి ఇరవై పౌండ్లు చాలు. పరీక్ష కూడా సులువే. తాడును పూర్తిగా లాగి పట్టుకోమని పది దాకా లెక్కపెట్టాలి. ఈలోపే చేతులు వణికితే ఆ విల్లు ఇంకా ఆ పిల్లది కాదన్నమాట.

ఇక కొలత. పాత తరంవాళ్లు బావి లోతును బారల్లో చెప్పేవారు. చేతులు రెండూ బార్లా చాపితే ఈ చివరి నుంచి ఆ చివరికి ఉండే దూరం బార. విలువిద్యలోనూ లెక్క దాంతోనే మొదలవుతుంది. పిల్ల బారను అంగుళాల్లో కొలిచి రెండున్నరతో భాగిస్తే ఆమె తాడును ఎంతవరకు లాగగలదో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. బార అరవై అంగుళాలుంటే లాగుడు ఇరవై నాలుగు. ఈ పిల్లకు డెబ్బై అంగుళాల విల్లు దండగ, అరవై రెండు నుంచి అరవై ఆరు లోపుది సరిపోతుంది. బాణం మాత్రం లాగుడు కంటే కనీసం రెండంగుళాలు పొడవుండాలి. ఇందులో పొదుపు పనికిరాదు. పొట్టి బాణాన్ని గట్టిగా లాగితే మొన విల్లు లోపలికి జారి, వదలగానే పట్టుకున్న చేతిలోనే దిగే ప్రమాదం ఉంది. ఎదిగే పిల్లలకు ఈ పొడవును ఆర్నెల్లకోసారైనా సరిచూడాలి.

చాలామంది మరిచిపోయేది కన్ను. కుడిచేత్తో రాసే పిల్లలందరికీ కుడికన్నే ప్రధానం కాదు. రెండు చేతులూ ముందుకు చాపి, అరచేతుల మధ్య చిన్న సందు చేసి, అందులోంచి దూరంగా ఉన్న తాటిచెట్టు మొవ్వును రెండు కళ్లతో చూడమనాలి. తర్వాత ఎడమకన్ను మూయాలి. మొవ్వు అక్కడే ఉంటే కుడికన్ను గురి పడుతున్నట్టు, మాయమైతే ఎడమది. కుడిచేతి విల్లును ఎడమచేతికి మార్చుకోవడం కుదరదు కాబట్టి ఈ నిమిషం పని డబ్బు కట్టకముందే చేయాలి.

మన దేశంలో చాలామంది పిల్లల విలువిద్య వెదురుతోనే మొదలవుతుంది. ఇండియన్ రౌండ్ అని దానికి జాతీయ పోటీలూ ఉన్నాయి. గురి చూసే సాధనాలేవీ ఉండవు. ఉన్నదల్లా వెదురు విల్లు, కన్ను, చెయ్యి. రాంచీ ఆటోడ్రైవర్ కూతురు దీపికా కుమారి తొలి విల్లూ వెదురుదే. కొన్ని వేల రూపాయల్లో పని అయిపోతుంది. చిక్కంతా ఆ తర్వాతే! ఒలింపిక్స్‌లో వాడేది రికర్వ్ విల్లు. గురి డెబ్బై మీటర్ల దూరంలో ఉంటుంది. పూర్తి సెట్టు రెండు మూడు లక్షలు. మేలిరకం కార్బన్ బాణాలైతే డజనుకే అరలక్ష దాటుతుంది. వెదురుతో పతకాలు గెలిచిన పిల్ల రికర్వ్ కొనలేక ఆగిపోతే ఆ తప్పు చేతిది కాదు, కన్నుదీ కాదు. పల్లె పిల్లలకు బడి విల్లే దిక్కయ్యేది ఇందుకే. మొదటి ఏడాది బడిదో, శిక్షణ కేంద్రానిదో వాడుకుని, పిల్ల నిజంగా నిలబడుతుందని తేలాకే సొంతది కొనడం మేలు.

కొనాల్సి వచ్చినప్పుడు తెలివైన దారి ఒకటుంది. రికర్వ్ విల్లు మూడు ముక్కలు. మధ్యలో రైజర్ అనే పిడి, పైనా కిందా లింబ్‌లనే రెక్కలు. డబ్బంతా పిడిలో పెట్టాలి, అది ఏళ్లపాటు ఉంటుంది. రెక్కలు మాత్రం చవకవి, తేలికవి తీసుకోవాలి. పిల్ల బలం పెరిగేకొద్దీ రెండు నుంచి నాలుగు పౌండ్ల చొప్పున పెంచుతూ వాటినే మార్చుకోవాలి. సీనియర్ల పాత రెక్కలు దొరికితే ఇంకా మంచిది. కానీ చూసి తీసుకోవాలి. విల్లుకు తాడెక్కించి వెనక నుంచి చూస్తే తాడు రెండు రెక్కలకూ నడిమధ్యన సాగాలి. పక్కకు జరిగిందంటే రెక్క మెలిపడినట్టే. పగుళ్లు పట్టడానికి వరంగల్‌లో కొదవలేని వస్తువు ఒకటి చాలు... దూది! అంచు వెంట దూదితో నిమిరితే కంటికి కనపడని చీలిక దగ్గర పోగు చిక్కుకుంటుంది.

కొందరు ముందుగా గురిచూసే సైటు, ముందుకు పొడుచుకొచ్చే స్టెబిలైజర్ కొంటారు. చూడ్డానికి దర్జాగా ఉంటాయి మరి. అవి ఏడాది ఆగినా నష్టం లేదు. వేళ్లకు తోలు ట్యాబ్, ముంజేతికి గార్డు, ఛాతీకి గార్డు మాత్రం మొదటి రోజు నుంచే ఉండాలి. తాడు ఒక్కసారి ముంజేతికి తగిలిందంటే పిల్లాడు వారం రోజులు విల్లు ముట్టడు! తాడెక్కించడానికి స్ట్రింగర్ కూడా అవసరమే. కాలికింద తొక్కిపట్టి వంచితే కొత్త రెక్కలైనా పాడవుతాయి. బాణం పెట్టకుండా తాడు లాగి వదలడం అంతకంటే చేటు. బాణంతో పోవాల్సిన బలమంతా రెక్కలమీదే పడి పగిలిపోతాయి. ఇంటికొచ్చిన చుట్టాలు ముచ్చటపడి చేసే మొదటి పని అదే!

రికర్వ్ సామాను ఎక్కువగా బయటి నగరాల డీలర్ల నుంచో, ఆన్‌లైన్‌లోనో తెప్పించుకోవాలి. క్రికెట్ బ్యాటులా చేతపట్టి చూసి కొనే వీలుండదు. అందుకే ఆర్డరివ్వకముందే కోచ్ ఎదుట కొలిచి చీటీ రాసి పెట్టుకోవాలి. బార ఎన్ని అంగుళాలు, లాగుడు ఎంత, పది అంకెలు లెక్కపెట్టేదాకా పట్టగలిగిన పౌండ్లు ఎన్ని, కన్ను కుడా ఎడమా. చీటీ మీద తేదీ వేయడం మరవకూడదు. ఎదిగే పిల్లల కొలతలు ఆర్నెల్లకే పాతబడతాయి.