గీతలు లేని చేతులు

లినోకట్‌లో చెక్కేసిన చోటు తెల్లగా మిగులుతుంది. ఉలి తగలని చోటే సిరా అంటుకుని నల్లగా అచ్చవుతుంది. నందలాల్ బోస్ 1930లో చెక్కిన దండియాత్ర గాంధీని గుర్తుచేసుకోండి: అంతా నలుపు, మనిషి మాత్రం కొన్ని తెల్లగీతలు. పనిచేసే పసిపిల్లల్ని చిత్తప్రసాద్ లినోలోనే చెక్కాడు. చవకైన పలక, ఒకే పలక నుంచి ఎన్నో ప్రతులు. పేదల బొమ్మలకి అది సరిపోయింది.

పలాసలో జీడిపిక్కలు కొట్టే మా పిన్ని చేతులు చెక్కాలని, ముందు ఆమె అరచేతికి సిరా రాసి కాగితం మీద అద్దించాను. వేళ్ల చివర్లు నున్నటి మచ్చలుగా పడ్డాయి. పిక్క డొక్కలోంచి కారే జీడి చర్మాన్ని కాల్చి పొరలు పొరలుగా ఊడదీస్తుంది.

"ఏటి సూస్తన్నావే? గీతల్ని జీడి తినీసింది. రేషన్ మిషను కూడా నన్ను గుర్తుపట్టదు" అంది నవ్వుతూ.

పలాస పప్పు పేరు అందరికీ తెలుసు. ఒలిచిన మనిషికేమో తాను తానేనని రుజువు చేసుకునే తిప్పలు! 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఉద్దానం కూలినప్పుడు తోటలకి పరిహారం లెక్కగట్టారు. పిన్నికి తోట లేదు.

పలక మీద వేళ్ల చివర్ల దగ్గర నేను ఉలి పెట్టలేదు. మొదటి ప్రతిని పిన్ని రేషన్ కార్డుతోపాటు కవరులో దాచుకుంది. ఈసారి మిషను పలక్కపోతే డీలరుకి ఇదే చూపిస్తుందట.